సీక్వెన్సింగ్ డేటా క్వాలిటీలో అనుకోని బయాస్ కనిపిస్తే ఎక్కడ వెతకాలి

డేటా వచ్చింది, ఫాస్ట్‌క్యూసీ (క్వాలిటీ రిపోర్టు ఇచ్చే ప్రోగ్రాము) నడిపారు, రిపోర్టు తెరిస్తే వరసగా ఎర్ర గుర్తులు. ఆ టెన్షన్‌లో చాలామంది చేసే మొదటి పని ట్రిమ్మింగ్. రీడ్ల (యంత్రం చదివిచ్చిన డీఎన్ఏ వరుసలు) రెండు చివర్లూ కాస్త కోసేసి, క్వాలిటీ అంకె క్యూ20 కన్నా తక్కువ ఉన్నవి తీసేసి, మళ్లీ రిపోర్టు చూసుకుని, గుర్తులు పచ్చగా మారాయని ఊపిరి పీల్చుకుంటారు. గుర్తు పచ్చబడినంత మాత్రాన బయాస్ (డేటాలో ఒకవైపు మొగ్గు) పోయినట్టు కాదు. అది వేరియంట్ కాలింగ్‌లోనో (డీఎన్ఏ తేడాలను గుర్తించడం), జీన్ ఎక్స్‌ప్రెషన్ తేడాల్లోనో మళ్లీ తలెత్తుతుంది, అప్పుడు మూలం పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే దాన్ని పట్టించే ఆధారాలను మన చేత్తో మనమే కోసి పారేశాం కదా. కాబట్టి ట్రిమ్మింగ్ జోలికి వెళ్లకముందే, ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్లను (రీడ్లు, వాటి క్వాలిటీ అంకెలు ఉండేవి) ఎవరూ మార్చలేని చోట ఒక కాపీ పెట్టుకోండి.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ బయాస్ దేన్ని అంటిపెట్టుకుని ఉంది? రీడ్‌లో ఫలానా సైకిల్‌నా (ఒక్కో సైకిల్‌లో ఒక్కో బేస్ చదువుతారు), ఫ్లో సెల్ (డీఎన్ఏ అతుక్కుని ఉండే గాజు పలక) మీద ఫలానా చోటునా, ఫలానా బేస్‌నా (ఎ, టి, జి, సి అక్షరాల్లో ఒకటి), ఫ్రాగ్మెంట్‌లోని (డీఎన్ఏ ముక్క) జీసీ శాతాన్నా (జి, సి బేసుల వాటా), స్ట్రాండ్‌నా (డీఎన్ఏ రెండు పోగుల్లో ఒకటి), లేక కొన్ని శాంపిళ్లనే పట్టుకుని ఉందా? ఊరికే వచ్చే బయాస్ ఉండదు, ప్రతి కారణమూ తనదైన ఆకారం వదిలి వెళ్తుంది. ఆ ఆకారం గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే, మిగతా సగం ఒక్కో అనుమానాన్ని పరీక్షించి కొట్టేయడం.

ముందు కాగితాల పని

విసుగ్గా ఉంటుంది కానీ ఇది చేయకుండా గ్రాఫులు చూడొద్దు. ఏ యంత్రం, నాలుగు రంగుల కెమిస్ట్రీనా రెండు రంగులదా, సీక్వెన్సింగ్‌కు సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కల లైబ్రరీ ఏ పద్ధతిలో చేశారు (డీఎన్ఏను శబ్ద తరంగాలతో విరగ్గొట్టారా, ఎంజైముతో కత్తిరించారా, టీఎన్5 ట్రాన్స్‌పోజేజ్ వాడారా), పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు పెంచడం) ఎన్ని సైకిళ్లు, ఏ ఇండెక్సులు (ఏ శాంపిలో గుర్తుపట్టే చిన్న వరుసలు), ఏ లేన్ (ఫ్లో సెల్‌లో ఒక దారి), ఏ ప్లేటులో ఏ గుంట, డీఎన్ఏ ఎవరు ఎప్పుడు తీశారు. ఇవన్నీ ఒకే పట్టికలో, శాంపిల్‌కు ఒక వరుస చొప్పున రాసుకోండి. ల్యాబ్ నుంచి వచ్చిన ఫైళ్లలో అడాప్టర్లు (ముక్కల చివర్లకు అతికించే తెలిసిన వరుసలు) అప్పటికే తీసేశారేమో కూడా అడగండి. తీసేసి ఉంటే రీడ్ల పొడవులు రకరకాలుగా ఉంటాయి, అప్పుడు చివరి సైకిళ్ల గ్రాఫు పొడవైన రీడ్ల నుంచి మాత్రమే వచ్చిందన్నమాట, అది మొత్తం లైబ్రరీ కథ చెప్పదు.

క్వాలిటీ అంకెలను ఎలా చదవాలో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. క్యూ20 అంటే నూటికి ఒక తప్పు, క్యూ30 అంటే వెయ్యికి ఒకటి, క్యూ40 అంటే పదివేలకు ఒకటి. ఇది లాగరిథమ్ స్కేలు కనుక సగటు తీస్తే మోసపోతాం. ఒక రీడ్‌లో సగం బేసులు క్యూ40, సగం క్యూ10 అనుకుందాం. అంకెల సగటు 25, చూడ్డానికి ఫర్వాలేదనిపిస్తుంది. తప్పుల శాతం లెక్కేస్తే మాత్రం దాదాపు 5, అంటే అసలు విలువ క్యూ13 దగ్గరే. అందుకే సగటు క్వాలిటీ బాగుందన్న ఒక్క మాట నమ్మి వదిలేయకండి, బేసు బేసుకూ ఎంత తప్పు ఆశించాలో కూడి చూడండి.

ఇంకో చిన్న సంగతి. నోవాసీక్ లాంటి యంత్రాలు క్వాలిటీని అన్ని అంకెల్లో ఇవ్వవు, కేవలం నాలుగైదు మెట్లకు కుదిస్తాయి. ఆ గ్రాఫు మెట్లుమెట్లుగా, ఒకే గీత మీద అతుక్కున్నట్టుగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పాత యంత్రం డేటాతో కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి క్వాలిటీ తేడా కొలవడం మాత్రం ఈ కారణంగానే దండగ పని. 2011కు ముందు నాటి ఇల్లుమినా (సీక్వెన్సింగ్ యంత్రాల కంపెనీ) ఫైళ్లు ఎక్కడినుంచైనా తెచ్చుకుంటే, క్వాలిటీ అక్షరాలను 33కు బదులు 64 నుంచి లెక్కపెట్టే పాత పద్ధతిలో ఉండొచ్చు. తేడా గమనించకపోతే అంతా నమ్మలేనంత మంచి క్వాలిటీగా కనబడుతుంది.

ఎర్ర గుర్తులన్నీ రోగాలు కావు

ఫాస్ట్‌క్యూసీ హద్దులు మామూలు జీనోమ్‌ను ఎక్కడపడితే అక్కడ విరగ్గొట్టి చదివిన డేటాను మనసులో పెట్టుకుని పెట్టినవి. ఏ స్థానంలోనైనా ఎ, టి మధ్యో జి, సి మధ్యో తేడా 10 శాతం దాటితే హెచ్చరిక, 20 దాటితే ఎర్ర గుర్తు. ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌లో రాండమ్ హెక్సామర్ ప్రైమర్లు వాడితే మొదటి డజను బేసుల్లో ఈ గీతలు ఎగుడుదిగుడుగా ఉండి తీరతాయి, ఎందుకంటే పేరుకు రాండమ్ అయినా ఆ ప్రైమర్లు కొన్ని వరుసలకు బాగా అతుక్కుంటాయి, కొన్నిటికి అతుక్కోవు. టీఎన్5 వాడిన లైబ్రరీల్లోనూ అంతే, ఆ ఎంజైముకు తనకు నచ్చిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఇక్కడ బేసులు తప్పుగా చదవలేదు, మొదలయ్యే చోట్ల ఎంపికలోనే మొగ్గు ఉంది. మొదటి 12 బేసులు కోసేస్తే గ్రాఫు చదునవుతుంది కానీ రీడ్ మొదలైన చోటు మారదు, ఉన్న మొగ్గు ఉన్నట్టే ఉంటుంది, పైగా మంచి బేసులు పోగొట్టుకున్నాం. ఈ కోత గురించి ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

బైసల్ఫైట్ డేటాలో (డీఎన్ఏ మిథైలేషన్ చూసే పద్ధతి) సి దాదాపు మాయమవుతుంది, అది ఆ పద్ధతి స్వభావం. యాంప్లికాన్ డేటాలో (ఎంచుకున్న ఒక భాగాన్నే పీసీఆర్‌తో పెంచి చదివినది) డూప్లికేట్లు కుప్పలుగా ఉంటాయి, అది కూడా సహజమే. ఆర్ఎన్ఏలో బాగా ఎక్స్‌ప్రెస్ అయ్యే జీన్ల వల్ల కూడా డూప్లికేషన్ ఎర్రబడుతుంది. ఇలాంటివి ముందే కొట్టేసుకుంటే అసలు సమస్యలు కొన్నే మిగులుతాయి.

ఒక హెచ్చరిక: డూప్లికేట్లు, అతిగా కనిపించే వరుసల కోసం ఫాస్ట్‌క్యూసీ ఫైలు మొదట్లో వచ్చే 1,00,000 వరుసల్లో కనబడిన వాటినే వెంబడిస్తుంది. ఫాస్ట్‌క్యూ ఫైలు సాధారణంగా టైళ్ల క్రమంలో ఉంటుంది కాబట్టి ఆ మొదటి రీడ్లు ఫ్లో సెల్ ఒక మూల నుంచి వచ్చినవి అయ్యుండొచ్చు. అనుమానంగా ఉంటే సెక్‌టీకే అనే ప్రోగ్రాముతో ఫైలంతటి నుంచి ఓ పది లక్షల రీడ్లు రాండమ్‌గా తీసి వాటి మీద మళ్లీ నడపండి. జతలోని రెండు ఫైళ్లకూ ఒకే సీడ్ (రాండమ్ ఎంపిక మొదలయ్యే అంకె) ఇవ్వడం మరిచిపోవద్దు, లేకపోతే జతలు విడిపోతాయి.

సైకిల్‌ను పట్టుకున్న బయాస్

రీడ్ చివరికి వెళ్లేకొద్దీ క్వాలిటీ మెల్లగా జారడం మామూలే. ఒక క్లస్టర్‌లోని (ఒకే ముక్క కాపీల గుంపు) వేల కాపీల్లో ప్రతి సైకిల్‌కూ కొన్ని వెనకబడతాయి, కొన్ని ముందుకు దూకుతాయి. సైకిల్‌కు 0.2 శాతం వెనకబడ్డా 150 సైకిళ్లకు దాదాపు పావు వంతు కాపీలు అడుగు తప్పుతాయి, అప్పుడు రంగులు కలగాపులగమై యంత్రం తటపటాయిస్తుంది. రెండో రీడ్ మొదటి దానికన్నా కాస్త తక్కువగా ఉండడమూ మామూలే. అనుమానించాల్సింది ఆకారం మారినప్పుడు. మెల్లగా జారకుండా ఒకే సైకిల్ దగ్గర గోతిలో పడ్డట్టు పడి మళ్లీ లేస్తే అది యంత్రం వైపు సంగతి: ద్రావకం సరిగా పారలేదు, బుడగ వచ్చింది, కెమెరా ఫోకస్ తప్పింది. రెండో రీడ్ మొత్తం మొదటి సైకిల్ నుంచే అధ్వానంగా ఉంటే, రెండో రీడ్ కోసం మధ్యలో డీఎన్ఏ పోగును తిప్పే టర్న్ అరౌండ్ అంచె సరిగా జరగలేదని అనుమానించాలి.

ఇక్కడ టైల్ (ఫ్లో సెల్ మీద కెమెరా ఒకసారికి ఫొటో తీసే గడి) చూడడం చాలా ఉపయోగం. ఇల్లుమినా రీడ్ పేరులో కోలన్లతో విడదీసిన ముక్కలు వరసగా ఇలా ఉంటాయి: యంత్రం పేరు, రన్ సంఖ్య, ఫ్లో సెల్ గుర్తు, లేన్, టైల్, ఎక్స్, వై. మీ రీడ్‌లో లేన్ 2, టైల్ 1104 అని ఉందనుకోండి. టైల్ సంఖ్యలో మొదటి అంకె ఫ్లో సెల్ పై ఉపరితలమా కిందిదా చెబుతుంది, రెండోది ఏ పట్టీయో, చివరి రెండు ఆ పట్టీలో ఎన్నో టైలో. ఇప్పుడు క్యూ20 కన్నా తక్కువ బేసులు ఎక్కువున్న రీడ్లను టైల్ వారీగా లెక్కపెట్టండి, ఆక్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రాములో రెండు మూడు లైన్ల పని. చెడ్డ రీడ్లు 1104, 1105, 1106లో పోగుపడి 2104లో ఏమీ లేకపోతే పై ఉపరితలం మీద ఆ ప్రాంతంలోనే ఏదో జరిగింది, బుడగో మరకో. 1తో మొదలయ్యే టైళ్లన్నీ ఒకలా, 2తో మొదలయ్యేవన్నీ ఇంకోలా ఉంటే ఫోకస్ వ్యవహారం. అన్ని టైళ్లలోనూ సమానంగా ఉంటే చోటుతో సంబంధం లేదు, లైబ్రరీ వైపు చూడండి. చోటు సమస్య అని తేలితే ఆ టైళ్ల రీడ్లు తీసేయడమే సరైన మందు, మిగతా మంచి రీడ్ల చివర్లు కోయడం కాదు. ఒక్క చిక్కు, పబ్లిక్ ఆర్కైవ్‌ల నుంచి దించుకున్న ఫైళ్లలో రీడ్ పేర్లు తరచూ మార్చేసి ఉంటాయి, అప్పుడు ఈ దారి మూసుకుపోయినట్టే.

జి మీద జి

రెండు రంగుల కెమిస్ట్రీలో జి బేసుకు వెలుగు ఉండదు. నెక్స్ట్‌సీక్, మినీసీక్, నోవాసీక్ యంత్రాల సంగతి ఇది. ఏమీ కనబడకపోతే యంత్రం దాన్ని జి అని రాసుకుంటుంది. ఫ్రాగ్మెంట్ మరీ చిన్నదై, రీడ్ అడాప్టర్‌ను కూడా దాటిపోయి చదవడానికి ఏమీ మిగలకపోతే అక్కడినుంచి వెలుగు ఉండదు, అంటే చివర్లో జి జి జి జి అని ఇరవయ్యో ముప్పయ్యో వరసగా వస్తాయి, అదీ మంచి క్వాలిటీ అంకెలతో! అందుకే మామూలు క్వాలిటీ ట్రిమ్మింగ్ వీటిని ముట్టుకోదు. చివరి సైకిళ్లలో జి గీత ఒక్కటే పైకి లేస్తుంటే, జీసీ పంపిణీలో కుడిచివర చిన్న గుట్ట కనిపిస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

ఒక రీడ్ తీసి కళ్లతో చూడండి, గ్రాఫు కన్నా త్వరగా తేలిపోతుంది. ముందు మీ ఫ్రాగ్మెంట్, తర్వాత ట్రూసీక్ అడాప్టర్ అయితే ఏజీఏటీసీజీజీఏఏజీఏజీసీ అనే 13 అక్షరాలు, ఆపైన మిగతా అడాప్టర్, ఆ తర్వాత జీల వరస. ఈ క్రమం కనబడితే కారణం ఫ్రాగ్మెంట్లు పొట్టివి కావడం. అడాప్టర్ లేకుండా మధ్యలోనుంచే హఠాత్తుగా జీలు మొదలైతే ఆ క్లస్టర్ వెలుగు ఆరిపోయింది, అది వేరే సమస్య. ఫాస్ట్‌పీ అనే ట్రిమ్మింగ్ ప్రోగ్రాము ఈ జీల తోకను తనంతట తానే తీసేస్తుంది కానీ యంత్రం ఏదో రీడ్ పేరు చూసి గుర్తుపడుతుంది. పేర్లు మారిన ఫైళ్లలో అది గుర్తుపట్టలేదు, అప్పుడు పాలీ జీ ట్రిమ్మింగ్ ఆప్షన్ మీరే ఆన్ చేయాలి. కటాడాప్ట్‌లో దీనికి నెక్స్ట్‌సీక్ ట్రిమ్ అని వేరే ఆప్షన్ ఉంది.

ఇదే కెమిస్ట్రీ వల్ల ఇంకో బోల్తా: ఇండెక్సు మొదటి రెండు బేసులూ జి జి అయితే యంత్రానికి మొదట్లోనే చీకటి. కొద్ది శాంపిళ్లనే కలిపి నడిపేటప్పుడు ఏ సైకిల్‌లోనైనా అన్ని ఇండెక్సులూ జి కాకుండా చూసుకోవాలి, లేకపోతే కొన్ని శాంపిళ్లకు రీడ్లు ఎందుకు తక్కువ వచ్చాయో అర్థం కాక తల పట్టుకుంటారు.

దీనికి దగ్గర చుట్టం వైవిధ్యం లేని లైబ్రరీ. 16ఎస్ (బ్యాక్టీరియాను గుర్తించడానికి చదివే జీన్) లాంటి యాంప్లికాన్లలో రీడ్లన్నీ ఒకే ప్రైమర్‌తో మొదలవుతాయి, అంటే ఒక సైకిల్‌లో ఫ్లో సెల్ అంతా ఒకే రంగు. క్లస్టర్లను విడదీసి గుర్తించడం, అడుగు తప్పిన కాపీల లెక్క, క్లస్టర్ మంచిదో కాదో తేల్చే ఫిల్టర్ ఇవన్నీ మొదటి 25 సైకిళ్ల మీదే ఆధారపడ్డాయి కాబట్టి అక్కడ తడబడితే రీడ్ మొత్తం మీద ఆ ప్రభావం ఉంటుంది. ఫైఎక్స్ (ఒక వైరస్ డీఎన్ఏ) కలపడమే దీనికి తెలిసిన మందు, యంత్రాన్ని బట్టి 5 శాతం నుంచి కొన్నిసార్లు సగం దాకా. ప్రైమర్ ముందు సున్నా నుంచి ఏడు దాకా అదనపు బేసులు చేర్చి రీడ్లను ఒకదానికొకటి అటూ ఇటూ జరపడం ఇంకా మంచి పద్ధతి, ఎందుకంటే ఫైఎక్స్‌కు ఖర్చయ్యే రీడ్లు మిగులుతాయి. ఫైఎక్స్ ఉన్న రన్‌లో మరో లాభం, దాని 5,386 బేసులూ మనకు ముందే తెలుసు, కాబట్టి ఆ రీడ్లలో తప్పుల శాతం చూస్తే యంత్రం బాగా నడిచిందో లేదో మీ శాంపిల్‌తో పని లేకుండానే తేలిపోతుంది. ఫైఎక్స్ బాగుండి మీ రీడ్లు బాగా లేకపోతే తప్పు లైబ్రరీది.

జీసీ బయాస్

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే క్వాలిటీ అంకెల్లో ఇది కనబడనే కనబడదు. ప్రతి బేసూ క్యూ37తో మెరుస్తుంటుంది, కాకపోతే జీనోమ్‌లో కొన్ని భాగాలకు 60 రీడ్లు, కొన్నిటికి 4. మనిషి జీనోమ్‌లో జీసీ సుమారు 41 శాతం, మలేరియా పరాన్నజీవి ఫాల్సిపారమ్‌లో 19 దగ్గర, క్షయ బ్యాక్టీరియాలో 65 పైన. ఒకే విధానంతో ఈ మూడింటినీ నడిపి ఒకేలా రావాలనుకోవడం అత్యాశ.

పట్టుకోవడం ఎలాగంటే, రీడ్ల జీసీ గ్రాఫు చాలదు, అలైన్ చేసి (రీడ్లు జీనోమ్‌లో ఏ చోటివో సరిపోల్చి) చూడాలి. పికార్డ్ అనే ప్రోగ్రాములోని కలెక్ట్ జీసీ బయాస్ మెట్రిక్స్ జీనోమ్‌ను 100 బేసుల కిటికీలుగా చూసి ఒక్కో జీసీ శాతానికి కవరేజ్ (పడిన రీడ్లు) సగటుతో పోలిస్తే ఎంతో గీస్తుంది. చదునుగా 1 దగ్గర ఉంటే మంచిది. కుడివైపు పడిపోతే జీసీ ఎక్కువున్న చోట్లు పోయాయి, మనిషి డేటాలో అంటే జీన్ల ప్రమోటర్లు, మొదటి ఎక్సాన్లు, సరిగ్గా మనకు కావలసినవే. ఎడమవైపు పడిపోతే ఏటీ ఎక్కువున్నవి పోయాయి. రెండు వైపులా పడి మధ్యలో గుట్టలా ఉండడం పీసీఆర్ చేసిన లైబ్రరీలకు అలవాటైన రూపం. 2012లో బెంజమిని, స్పీడ్ చూపించిన ముఖ్యమైన విషయం, ఈ ప్రభావాన్ని నడిపేది రీడ్‌లోని జీసీ కాదు, మొత్తం ఫ్రాగ్మెంట్ జీసీ. అందుకే రెండు శాంపిళ్ల ఫ్రాగ్మెంట్ పొడవులు వేరైతే జీసీ వంపు కూడా వేరవుతుంది, రెండూ ఒకే డీఎన్ఏ నుంచి వచ్చినా సరే.

కారణాల్లో మొదటి ముద్దాయి పీసీఆర్. సైకిళ్లు తగ్గించండి, డీఎన్ఏ సరిపడా ఉంటే పీసీఆర్ లేని లైబ్రరీకి వెళ్లండి, పాలిమరేజ్ మార్చి చూడండి. 2011లో ఎయిర్డ్ బృందం వెతికినప్పుడు బయటపడ్డ సంగతి మాత్రం చాలామందికి తెలియదు: అదే ఎంజైము, అదే విధానం అయినా థర్మోసైక్లర్ ఎంత వేగంగా వేడెక్కి చల్లబడుతుందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. వేగంగా మారే యంత్రంలో జీసీ ఎక్కువున్న ముక్కలు పూర్తిగా విడిపోయే సమయమే దొరకదు. డీనేచురేషన్ సమయం పెంచడం, బీటెయిన్ కలపడం వాళ్లకు పనిచేశాయి. కాబట్టి ల్యాబ్‌లో కొత్త థర్మోసైక్లర్ వచ్చిన వారం నుంచి జీసీ వంపు మారిందంటే నాలుగు కిట్లు మార్చే ముందు దాన్ని చూడండి. జెల్ నుంచి డీఎన్ఏ కోసి తీసే పద్ధతిలో జెల్ ముక్కను 50 డిగ్రీల వేడిలో కరిగిస్తే ఏటీ ఎక్కువున్న ముక్కలు పోతాయి, గది ఉష్ణోగ్రతలోనే కరగనిస్తే ఈ నష్టం తగ్గుతుంది.

జీసీ గ్రాఫులో ఒకటికి బదులు రెండు గుట్టలు కనిపిస్తే అది బయాస్ కాకపోవచ్చు, వేరే జీవి డీఎన్ఏ కలిసి ఉండొచ్చు. రీడ్లు ఏ జీవివో గుర్తించే క్రాకెన్2 గానీ ఫాస్ట్‌క్యూ స్క్రీన్ గానీ నడిపితే కొద్దిసేపట్లో తేలుతుంది. సూదిలా సన్నగా లేచిన గుట్ట అయితే అడాప్టర్ డైమరో (అడాప్టర్లే ఒకదానికొకటి అతుక్కున్నవి), రైబోసోమల్ ఆర్ఎన్ఏనో.

క్వాలిటీ బాగుంది, బేస్ మాత్రం తప్పు

యంత్రం తాను చూసిన అణువును నిజాయితీగానే చదివింది, ఆ అణువే అప్పటికి పాడైపోయింది. ఇలాంటి తప్పులకు క్వాలిటీ అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, కాబట్టి ఎంత కఠినమైన ఫిల్టర్ పెట్టినా నిలిచి ఉంటాయి. డీఎన్ఏను విరగ్గొట్టేటప్పుడు గ్వానిన్ ఆక్సీకరణ చెందితే అది ఎ తో జత కడుతుంది, దాంతో జి స్థానంలో టి వస్తుంది. ఇది లైబ్రరీ చేసేటప్పుడు జరిగింది కనుక ఒక వింత గుర్తు వదులుతుంది: మొదటి రీడ్లలో జి నుంచి టి మార్పులు, రెండో రీడ్లలో సి నుంచి ఎ మార్పులు. నిజమైన మ్యూటేషన్ అయితే రెండు రీడ్లలోనూ రెండు రకాలుగానూ సమానంగా కనబడాలి. ఫార్మలిన్‌లో నిల్వ ఉంచిన కణజాలంలో సైటోసిన్ యురాసిల్‌గా మారి సి నుంచి టి మార్పులు వస్తాయి. లైబ్రరీకి ముందు యురాసిల్‌ను తీసేసే యూడీజీ ఎంజైము వాడితే వీటిలో చాలావరకు పోతాయి, మిథైల్ ఉన్న సైటోసిన్లవి మాత్రం పోవు, ఎందుకంటే అవి నేరుగా టి గానే మారతాయి. పికార్డ్‌లో కలెక్ట్ సీక్వెన్సింగ్ ఆర్టిఫాక్ట్ మెట్రిక్స్ ఈ రెండింటినీ విడదీసి చూపిస్తుంది.

వేరియంట్ కాలింగ్‌కు వాడే జీఏటీకేలోని బేస్ రీకాలిబ్రేషన్ (క్వాలిటీ అంకెల సవరణ) ఇక్కడ ఏమీ చేయలేదా అని అడగొచ్చు. అది యంత్రం ఇచ్చిన అంకెను, సైకిల్‌ను, పక్క బేసును బట్టి సరిచేస్తుంది, యంత్రం వైపు తప్పులకు బాగా పనికొస్తుంది. పాడైన అణువును బాగుచేయలేదు. పైగా ముందే తెలిసిన వేరియంట్ల జాబితా లేని జీవికి దాన్ని గుడ్డిగా వాడితే నిజమైన తేడాలను కూడా తప్పులుగా లెక్కేసి క్వాలిటీ అంతటినీ కిందికి లాగేస్తుంది.

కొన్ని శాంపిళ్లనే పట్టుకున్న బయాస్

ఇప్పుడు మొదట్లో రాసుకున్న పట్టిక బయటికి తీయండి. అన్ని శాంపిళ్ల రిపోర్టులను కలిపే మల్టీక్యూసీ ఇచ్చే అంకెలను దాని పక్కన చేర్చి, ఒక్కో కాలమ్ ప్రకారం సార్ట్ చేస్తూ పోవడమే. 96 గుంటల ప్లేటులో 12 శాంపిళ్లు తేడాగా ఉన్నాయి, అవన్నీ హెచ్ వరసలోనివి అనుకోండి. ఎనిమిది టిప్పుల పిపెట్‌తో ప్లేటు నింపేటప్పుడు హెచ్ వరసకు ఎప్పుడూ తగిలేది ఒకే టిప్పు, దాని చానల్ సరిగా పీల్చడం లేదు. అదే ఎనిమిది శాంపిళ్లు తేడాగా ఉండి అన్నీ ఒకే నిలువు వరసలో ఉంటే టిప్పు తప్పు కాదు, ఆ వరసకు ఒకేసారి జరిగిన ఏదో అంచె: మాగ్నెటిక్ పూసలు ఎక్కువసేపు ఆరిపోయాయేమో, ఎంజైము అయిపోవచ్చిందేమో. ప్లేటు అంచులన్నీ తేడాగా ఉంటే ఆవిరి. రెండు మూడు కారణాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటే, ఉదాహరణకు జబ్బున్నవాళ్ల శాంపిళ్లన్నీ ఒక లేన్‌లో, లేనివాళ్లవన్నీ ఇంకో లేన్‌లో నడిపి ఉంటే, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విడదీయలేదు. అలాంటి డిజైన్‌తో డేటా వస్తే మొహమాటపడకుండా మళ్లీ నడపమని చెప్పడమే నయం.

ప్యాటర్న్డ్ ఫ్లో సెల్ (క్లస్టర్ల కోసం ముందే సన్నని గుంటలు చేసినది) యంత్రాల్లో ఇండెక్సులు ఒక శాంపిల్ నుంచి ఇంకోదానికి దూకుతుంటాయి, ఇల్లుమినా చెప్పే లెక్క 0.1 నుంచి 2 శాతం. ఒక శాంపిల్‌లో విపరీతంగా ఉన్న జీన్ మిగతా అన్నిటిలోనూ పలచగా కనబడుతుంటే అది ఇదే. రెండు వైపులా ప్రతి శాంపిల్‌కూ వేరే ఇండెక్సు ఉండే జతలు వాడితే దూకినవి ఏ శాంపిల్‌కూ చెందక పక్కకు పోతాయి.

నానోపోర్ (డీఎన్ఏను సూక్ష్మ రంధ్రం గుండా పంపి చదివే పద్ధతి) డేటా అయితే పైన చెప్పిన వాటిలో చాలా వర్తించవు. అక్కడ మొదట చూడాల్సింది బేస్‌కాలింగ్ మోడల్ (సిగ్నల్‌ను అక్షరాలుగా మార్చేది) మీ పోర్‌కు, కిట్‌కు సరిపోయేదేనా అని. ఆర్10 పోర్ డేటాను ఆర్9 పోర్ మోడల్‌తో బేస్‌కాలింగ్ చేస్తే వచ్చే చెత్తను ఏ ఫిల్టరూ బాగుచేయదు. ఒకే అక్షరం వరసగా వచ్చే చోట్ల పొడవు తప్పడం, బ్యాక్టీరియాలో మిథైలేషన్ ఉన్న మోటిఫ్‌ల (పదేపదే వచ్చే చిన్న వరుసలు) దగ్గర ఒక్క స్ట్రాండ్‌లోనే తప్పులు రావడం ఆ టెక్నాలజీకి ఉన్న పాత జబ్బులు.

ఎక్కడో తేల్చే పరీక్ష

గ్రాఫులతో తేలకపోతే మెట్లు మెట్లుగా వెనక్కి వెళ్లాలి. అదే లైబ్రరీని వేరే లేన్‌లో, వీలైతే వేరే రన్‌లో కొద్దిపాటి రీడ్లకు నడపండి. బయాస్ పోయిందా, రన్ తప్పు. పోలేదా, అదే డీఎన్ఏ నుంచి కొత్త లైబ్రరీ చేయండి. ఇప్పుడు పోతే లైబ్రరీ తప్పు, ఇంకా ఉంటే డీఎన్ఏ దగ్గరే తేడా, మళ్లీ మొదటినుంచి తీయాలి. ఒక్కో మెట్టుకూ ఒక్కటే మార్చండి, ఆత్రంగా కిట్టు, మనిషి, యంత్రం మూడూ మార్చేస్తే బయాస్ పోయినా ఎందుకు పోయిందో తెలియదు. పక్కన మీకు బాగా తెలిసిన ఒక మంచి శాంపిల్, ఖాళీ నీటి శాంపిల్ రెండూ ఉంచండి. వీటికి పూర్తి లోతు (మామూలుగా తీసేన్ని) రీడ్లు అక్కర్లేదు, జీసీ వంపు, డూప్లికేట్ల శాతం, ఫ్రాగ్మెంట్ పొడవు తెలియడానికి కొన్ని లక్షల రీడ్లు చాలు.

సీక్వెన్సింగ్ చేసిన ల్యాబ్‌కు రాసేటప్పుడు డేటా బాగాలేదు అని రాస్తే వచ్చే జవాబు మీకూ తెలుసు. ఏ లేన్, ఏ టైళ్లు, ఎన్నో సైకిల్ నుంచి, ఏ శాంపిళ్లలో, ఫైఎక్స్ తప్పుల శాతం ఎంత అని అడుగుతూ గ్రాఫు ఒకటి జతచేయండి. రన్‌కు సంబంధించిన ఇంటర్‌ఆప్ ఫోల్డర్ పంపమనండి, అందులో సైకిల్ వారీ వెలుగు తీవ్రత, క్లస్టర్ సాంద్రత ఉంటాయి, డేటా ఫైళ్లలో కనబడనివి అక్కడ కనబడతాయి.

మళ్లీ నడిపే వీలు లేని డేటా అయితే ఉన్నదానితోనే నెట్టుకురావాలి. అడాప్టర్లు, జీల తోకలు తీసేయండి, క్వాలిటీ కోత మెత్తగానే ఉంచండి, ఇప్పటి అలైనర్లు చివర్లలోని చెత్తను సాఫ్ట్ క్లిప్పింగ్‌తో వాటంతట అవే పక్కన పెడతాయి. బ్యాచ్‌ను (కలిపి నడిపిన శాంపిళ్ల గుంపు) విశ్లేషణ మోడల్‌లో కోవేరియేట్‌గా (లెక్కలోకి తీసుకునే అదనపు అంశంగా) పెట్టండి. ఒక బ్యాచ్ 150 బేసులు, ఇంకోటి 100 బేసుల రీడ్లయితే పోల్చే ముందు రెండింటినీ 100కు కుదించి, లోతును కూడా తక్కువున్న బ్యాచ్ స్థాయికి దించి, అప్పుడు అలైన్ చేయండి. ఒకదాన్ని ట్రిమ్ చేసి ఇంకోదాన్ని వదిలేస్తే ఆ తేడా ఫలితాల్లో జీవశాస్త్రం వేషం వేసుకుని వస్తుంది.